భద్రమ్మ ఆకు పరీక్ష

భద్రమ్మకు ఒకటే జబ్బు: ఎదురొచ్చిన మనిషికి ఆకు చూపించి దాని పేరు అడగడం. కట్టంగూర్ బస్సులో కండక్టర్ టికెట్ అడిగితే, "ముందుగాల గిదేందో చెప్పు" అని అతని ముక్కు కింద ఆకు పెట్టింది. ఆమె టికెట్ తీసుకునేసరికి బస్సు మూడు స్టేజీలు దాటింది. పక్కింటి పెళ్లిలో పెళ్లికొడుకునూ వదల్లేదు. బలుసు రెమ్మ చూపిస్తే అతను "కొత్తిమీరా?" అన్నాడు. పెళ్లి ఆగలేదు గాని, ఆ ఇంట్లో అతను ఇప్పటికీ కొత్తిమీర అల్లుడే.

నాగరాణి పంచాయతీ కార్యదర్శిగా భద్రమ్మ ఊళ్లో బస్సు దిగిన రోజే పరీక్షకు దొరికిపోయింది.

"పంచాయతీ ఆఫీసు ఎటు పోవాలె అవ్వా?"

"చెప్త గాని బిడ్డా, గీ ఆకు పేరేంది?"

"తెల్వదు."

"నిజంగనే తెల్వదా?" భద్రమ్మ ముఖం వెలిగిపోయింది. చెయ్యి పట్టుకుని ఆఫీసు గడప దాకా తీసుకెళ్లి మరీ దిగబెట్టింది. జవాబు తెలియదంటే ఇంత సంబరపడే మనిషిని నాగరాణి ఎన్నడూ చూడలేదు. ఆ సంగతేమిటో కనుక్కోవాలనిపించింది. అడిగితే భద్రమ్మ ఇంకో ఆకు తీసింది.

ఇంతలో పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఊరికో ఎకరం పార్కు కావాలి. గుట్ట కింది ఖాళీ జాగా చదును చేయించి, లారీలో వచ్చే పూలమొక్కలు నాటించాలి. సోమవారం జేసీబీ వస్తుంది. కొలతకు వెళ్లిన నాగరాణికి టేపు రెండో కొస పట్టుకోవడానికి మేకలు మేపుతున్న భద్రమ్మ తప్ప ఎవరూ దొరకలేదు.

గంట పనికి పొద్దంతా పట్టింది. పది అడుగులకోసారి టేపు ఆగిపోయేది. "గిది కలివె. ఎండకాలం పండ్లు కాస్తది. గిది పరికి. గిది సుగంధి, వేరు వాసన చూడు." నాగరాణి వంగి చూసింది. మట్టిలోంచి షర్బత్ వాసన! మధ్యాహ్నం దాటాక ప్రశ్నలు తిరగబడ్డాయి. "గిదేంది అవ్వా? మరి గా తీగ?" అని ఆమే అడగసాగింది. సాయంత్రానికి పుస్తకంలో కొలతలకు బదులు నలభై మూడు పేర్లున్నాయి. 'ఖాళీ జాగా' అని రాయడానికి చెయ్యి ఆడలేదు.

మండలాఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు. "జాగా ఖాళీయే గద?"

"లేదు సార్. నలభై మూడు ఉన్నయ్."

"ఇండ్లా?"

"చెట్లు సార్."

"పార్కంటేనే చెట్లు గదమ్మా!"

"గదే సార్, ఉన్నయి పీకి కొత్తయి పెట్టుడెందుకని..."

"నీ నౌకరి ఇంక పర్మినెంటు కాలేదు. యాదున్నదా?"

ఆమెకు బాగానే యాదుంది. అయినా రిపోర్టులో 'ఖాళీ లేదు' అనే రాసింది.

సోమవారం జేసీబీ వెంట సారు స్వయంగా వచ్చాడు. భద్రమ్మ నేరుగా ఆయన ముందుకే నడిచింది. "సారూ, గీ ఆకు పేరేంది?"

"ఏదో పిచ్చాకు."

"నమిలి చూడుండ్రి. భయమైతాందా?"

సారు పంతానికి నమిలాడు. నాగరాణి ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది. సారుకు షుగరుందేమోనని చక్కెర విడిగా పొట్లంలో తెచ్చింది. ఆయన ఒక చెంచా కలుపుకున్నాడు, తాగాడు, ఇంకో మూడు కలిపాడు. చివరికి పొట్లమే నోట్లో ఒంపుకున్నాడు. ఇసుక నమిలినట్టుంది.

"నా నాలుక పోయింది! దవాఖాన యాడుంది?"

"ఫికర్ చెయ్యకుండ్రి. పొడపత్రి గది, తీపిని చంపుతది. గంటల మల్ల వస్తది."

ఆ గంటసేపు సారు అక్కడే ఉండక తప్పలేదు. నాగరాణి పుస్తకం తెరిచి ఒక్కో మొక్కా చూపించింది. మొదట ముఖం తిప్పుకున్నాడు. సుగంధి వేరు దగ్గర ముక్కు వంచాడు. కలివె పొద దగ్గర, "మా అమ్మ గీ కాయల తొక్కు పెడుతుండె" అని తనలో తాను అనుకున్నాడు. నాలుకకు తీపి తిరిగొచ్చాక గొంతు సవరించుకున్నాడు.

"ఊర్ల ఇంకో జాగా ఉన్నదా?"

"బస్టాండ్ ఎనక ఎకరన్నర, సార్. మొత్తం సర్కారు తుమ్మనే, ఎందుకూ పనికిరాని ముండ్లకంప."

జేసీబీ అటు తిరిగింది.

ఆ సాయంత్రం కృతజ్ఞత చెప్పుకోవడానికి నాగరాణి భద్రమ్మ ఇంటికి వెళ్లింది. లోపల భద్రమ్మ ఆడబిడ్డ బక్కమ్మ మంచంలో కూర్చుని ఉంది. ఒకప్పుడు ఊరందరికీ ఆకుపసరు మందులిచ్చిన మనిషి. కొత్త కోడలిగా వచ్చిన భద్రమ్మకు గుట్ట మీది ఆకులన్నీ నేర్పింది ఆమే. ఇప్పుడు చేతిలో ఒక ఆకు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, పేరు గుర్తు రాక కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

"ఎందుకేడుస్తవ్ వదినె? పెద్దసారుకే తెల్వలే! పిచ్చాకన్నడు!" అంది భద్రమ్మ.

"పిచ్చాకా?" బక్కమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే పేరు దొరికింది. "పొడపత్రే!"

భద్రమ్మ బయటికొచ్చి గొంతు తగ్గించింది. "మతి జర జారుతాంది బిడ్డా. తనొక్కదానికే యాదికొస్తలేదని కుమిలిపోతది. ఊరోళ్లకు గూడ తెల్వదని చెప్త. అబద్ధం ఆడరాదు గద, అందుకే అందర్ని అడిగొస్త. నువ్వొచ్చినంక అయితే, ఆఫీసు బిడ్డకు గూడ తెల్వదంటే రోజూ నవ్వుతాంది."

మర్నాడు పొద్దున భద్రమ్మ ఆఫీసు కిటికీలోంచి ఒక రెమ్మ చాపింది. అది పరికి అని నాగరాణికి ఇప్పుడు నిద్రలో అడిగినా తెలుసు.

తల గోక్కుని, చాలాసేపు ఆలోచించి, "కొత్తిమీరనా అవ్వా?" అంది.