ఐవీ హార్గ్రీవ్స్ సభ్యత్వం

ఇంగ్లండులో మా థార్న్‌బెక్ ఊరి లైబ్రరీలో గోడనిండా పాత ఫోటోలు పెట్టారు. జనం వాటి ముందు నిలబడి ఒకటే నిట్టూర్పులు. "ఆ రోజులే వేరు! ఊరంతా ఒకే కుటుంబంలా ఉండేది. తలుపులకు తాళాలు వేసిన పాపాన పోలేదు ఎవరూ" అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. తాళం లేని తలుపుల సంగతి సరే, మా ఐవీ మొహం మీద మూసిన తలుపు సంగతి ఒక్కరైనా చెబుతారా? గోడ మధ్యలో శ్రామికుల క్లబ్బు ఫోటో కూడా ఉంది. మెట్లమీద సూట్లు వేసుకున్న మగవాళ్ళు, అంతే. వెతికితే ఒక్క ఆడమనిషి లేదు.

ఐవీ హార్గ్రీవ్స్, నేను ఉన్ని మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశాం. ఆ మోతలో మాట వినపడదు కనుక అందరం పెదవులు కదిపే కబుర్లాడుకునేవాళ్ళం. ఐవీ మహా పెంకిది. మేస్త్రీ ఎదురుగా నిలబడి చీవాట్లు పెడుతుండగానే, ఆయన ప్యాంటు జారుతున్న కబురు షెడ్డు ఆ చివరిదాకా చేరవేసేది. మేం పగలబడి నవ్వుతుంటే ఎందుకో తెలియక ఆయన బిక్కమొహం వేసేవాడు.

శనివారం సాయంత్రమైతే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని క్లబ్బుకు పోయేవాళ్ళం. ఆర్గన్ వాయిద్యం, బింగో, ఉడికించిన బఠాణీలు, సాసేజీలు. గది వెచ్చబెట్టే గొట్టం పక్క బల్ల ఐవీది, పెళ్ళయిన నాటి నుంచీ. నిజం చెప్పొద్దూ, అంత సరదా నేను మళ్ళీ ఎక్కడా ఎరగను. కాకపోతే సభ్యత్వం మగవాళ్ళకే. ఆడది లోపలికి రావాలంటే సభ్యుడైన మగాడు గుమ్మం దగ్గర సంతకం పెట్టి తీసుకురావాలి, అదీ ఒకడు ఒక్క ఆడమనిషికే. ఐవీకి మొగుడు స్టాన్లీ పెట్టేవాడు. పెళ్ళి చేసుకోని నాకు మా అన్న ఆర్థర్ పెట్టేవాడు. బిలియర్డ్స్ గది ముందు నేలమీద తెల్లగీత ఉండేది. ఆడవాళ్ళ కాలు దాన్ని దాటితే కొంపలు మునిగిపోయినట్టు కేకలు పెట్టేవారు. ఆ గది కడగడానికి మాత్రం ఐవీ ప్రతి శుక్రవారం ఆ గీత దాటవచ్చు! పిల్లల క్రిస్మస్ విందు అయినా, ఎవరైనా పోతే పాతిపెట్టి వచ్చినవాళ్ళకు టీ అయినా, రొట్టెలు కోసి వెన్న రాసేది ఆమే.

డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో స్టాన్లీ గుండె ఆగి పోయాడు. మట్టి వేసి అందరూ క్లబ్బుకే వచ్చారు. ఐవీ నల్లగౌను మీద ఏప్రన్ కట్టుకుని, సొంత మొగుణ్ణి మట్టి చేసిన రోజున కూడా వాళ్ళకు రొట్టెలు కోసి పెట్టింది. కార్యదర్శి సిరిల్ ఆమె భుజం తట్టి, "నీకు మేమంతా లేమా తల్లీ" అన్నాడు.

కొన్ని వారాలు ఆమె ఇల్లు కదల్లేదు. నేనే పోరుపెట్టి ఒక శనివారం రమ్మన్నాను. అన్నతో నేను ముందే లోపల కూర్చున్నాను. గుమ్మం కాపలా చూసే హోరేస్ ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు. పెళ్ళాం పురిటికి పోయినప్పుడు ఐవీ ఇంట్లో మెక్కినవాడే వాడు.

"నీకు సంతకం ఎవరు పెడుతున్నారు?" అన్నాడు.

"పెట్టేవాణ్ణి నువ్వే కదయ్యా మోసుకెళ్ళి పాతిపెట్టావు!"

"నా చేతుల్లో ఏముంది ఐవీ? రూలు రూలే."

ఈ గొడవకు సిరిల్ వచ్చాడు. కమిటీ అంతా గదిలోకి పోయి తలుపేసుకున్నారు. ఆమె కోటు కూడా విప్పకుండా నడవలో నిలబడింది. చివరికి సిరిల్ వరం ఇచ్చే దేవుడిలా బయటికొచ్చాడు.

"నీ మీద గౌరవంతో అందరం ఒప్పుకున్నాం. వారానికొకరం వంతులేసుకుని నీకు సంతకం పెడతాం. సరేనా?"

"ఒక మొగుడు పోయాడని వారానికొకణ్ణి అరువు తెచ్చుకోమంటావా సిరిల్?"

హాల్లో అందరూ ఘొల్లున నవ్వారు. ఐవీ నవ్వలేదు.

"నేను బిచ్చానికి రాలేదు. సభ్యత్వం ఇవ్వండి, నా పేరు మీద. నా బల్ల దగ్గర నేను కూర్చుంటాను."

"ఆడవాళ్ళకు సభ్యత్వమా! బాగానే ఉంది సంబడం. రేపు బిలియర్డ్స్ కూడా ఆడతామంటారు" అన్నాడు సిరిల్.

ఆమె వెనుదిరిగింది. నేను కోటు అందుకుని వెంట పరిగెత్తాను. "బఠాణీలు చల్లారిపోతాయే విన్నీ, తిని రా" అంది. "ఆ బఠాణీలు మట్టిగొట్టుకుపోనీ!" అన్నాను.

మళ్ళీ ఆమె అక్కడ నేల కడగలేదు, రొట్టె కోయలేదు. శనివారాలు ఆమె వంటింట్లో ఇద్దరం పేకాడుకునేవాళ్ళం. వీధి అవతల ఆర్గన్ మొదలవగానే లేచి రేడియో సౌండు పెంచేది. ఏటా జనవరిలో మాత్రం వెళ్ళి సభ్యత్వం అడిగి వచ్చేది. ఏటా కాదనేవారు. సిగ్గులేని వెధవలు!

మిల్లు మూతపడింది. సిరిల్ పోయాడు. ముప్ఫై ఏళ్ళు దాటాక దేశమంతటా క్లబ్బులవాళ్ళు రూలు మార్చుకున్నారు. అప్పటికి మా క్లబ్బులో సగం కుర్చీలు ఖాళీ, కప్పు ఎక్కడ చూసినా కారుతోంది. కొత్త కార్యదర్శి గ్యారీ, మొదటి ఆడ సభ్యురాలిగా ఐవీకి ఇంటికే వచ్చి కార్డు ఇస్తామని కబురు పంపాడు. ఎనభై దాటిన మనిషి ఆ రోజు పొద్దున్నే లేచి తల దువ్వుకుంది, లిప్‌స్టిక్ కూడా రాసుకుంది. "ఏమే, ఈ కోటు బాగుందా? మరీ ముసలిదానిలా లేనుకదా?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. కోటు బొత్తాలు పెట్టుకునే కూర్చుంది, పిలిస్తే ఆ నిమిషమే క్లబ్బుకు పోయేటట్టు.

గ్యారీ పత్రిక ఫోటోగ్రాఫరుతో వచ్చి, చిన్న ఉపన్యాసం ఇచ్చి కార్డు చేతిలో పెట్టాడు. ఐవీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి నాకు అందించింది. బంగారు అక్షరాల్లో ఉంది: శ్రీమతి స్టాన్లీ హార్గ్రీవ్స్.

"ఇది నాది కాదు బాబూ" అంది. "ఈ స్టాన్లీ సమాధుల దొడ్డిలో ఉంటాడు, గోడవార. వెళ్ళి అక్కడ ఇచ్చిరా."

గ్యారీ మొహం కందగడ్డయింది. "తప్పయిపోయింది మామ్మగారూ. కమిటీలో ఎవర్నడిగినా స్టాన్లీ భార్య అనే చెప్పారు. ఇంతకీ మీ పేరేమిటి?"

నాకు చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ఐవీ మాత్రం లేచి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలించింది.

"నీళ్ళు పెట్టవే విన్నీ, టీ తాగుదాం" అంది. "మనిద్దరికే."