హత్సుయో అవ్వ తొట్టిలో చన్నీళ్లు

“ఈ నీళ్లలో వాడు ఉడికిపోతాడు.”

ఊరి ఆడవాళ్లంతా కలిసి దిగే పెద్ద తొట్టి అంచున కూర్చున్న చినత్సు తనలో తానే అనుకుంది. చేతిలోని థర్మామీటర్ నలభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. చంకలో ఏడు నెలల కొడుకు రికు మూతి విరుస్తున్నాడు. ఒసాకాలో రసాయనశాస్త్రం చదువుకున్న ఆ పిల్ల, ముక్కూమొహం తెలియని ఎవరో ఇంటర్నెట్‌లో రాసింది చదివి వేడినీటి ఊటల ఊరైన బెప్పు దాకా వచ్చింది. ‘ఈ పేట స్నానశాలలో దిగాక నా ఒళ్లు నాకు బరువనిపించలేదు’ అని రాశాడాయన. బిడ్డ పుట్టాక రెండు చేతులూ ఖాళీగా స్నానం చేసి ఎరగని చినత్సు ఆ ఒక్క వాక్యానికే పడిపోయింది.

అటూ ఇటూ చూసి చన్నీళ్ల కుళాయి తిప్పింది.

మెడదాకా మునిగిన ఆడవాళ్లంతా కళ్లు తెరిచారు. బెప్పులో ఒకరి మొగుణ్ని లేపుకుపోయినవాళ్లతోనైనా మాట్లాడతారు గానీ, నలుగురు దిగిన నీళ్లను చల్లార్చినవాళ్లతో మాట్లాడరు.

“ఎవరే ఆ కుళాయి తిప్పింది?” చేపల కొట్టు మిసావో గద్దించింది. “చల్లారిన మిసో చారులో కూర్చోడానికి వచ్చానా నేను?”

గల్లాపెట్టె వదిలి హత్సుయో అవ్వ లోపలికి వచ్చింది. మొదటి అత్తగారి నుంచి ఈ స్నానశాల ఆమెకు దక్కింది. ఇద్దరు మొగుళ్లను సాగనంపిన మనిషి: మొదటాయన్ను శ్మశానానికి, గోరువెచ్చని నీళ్లు కావాలన్న రెండో ఆయన్ను వాళ్లమ్మ దగ్గరికి.

కుళాయి కట్టేసి, “ఎవరు పంపారే నిన్ను?” అంది.

చినత్సు సిగ్గుపడుతూ చెప్పింది.

“ఓ, ఆ టోపీ ఆయనా. కాలి బొటనవేలు ముంచి, కెవ్వుమని, బయట బల్ల మీద కూర్చుని పాలు తాగుతూ ఏదో రాసుకున్నాడు. దిగితేగా బరువు తెలిసేది.”

తొట్టి అంతా నవ్వింది. చినత్సుకు ఏడుపొచ్చింది. “అంటే అంతా అబద్ధమేనా అవ్వా?”

“ఆయన మాట అబద్ధం. నా నీళ్లు కాదు. వాణ్ని ఇలా ఇయ్యి.”

“వద్దవ్వా, మరీ వేడి.”

“వాణ్ని ముంచమన్నదెవరు? దిగాల్సింది నువ్వు.”

ఆ పేటలో తల్లి తొట్టిలోకి దిగితే బిడ్డ అవ్వ భుజం మీదికి ఎక్కడం మామూలే.

“ఏడిస్తే?”

“ఏడుస్తాడు. ఈ మిసావో ఇదే భుజం మీద పాసు పోసింది. ఇప్పటిదాకా క్షమాపణ లేదు.”

“కొత్త సంవత్సరానికి చేపలు పంపట్లేదా?” అంది మిసావో.

చినత్సు వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. రికు గుక్కపట్టి ఏడ్చాడు, తర్వాత అవ్వ కళ్లజోడు పీకే పనిలో పడ్డాడు. చినత్సు పళ్లు బిగించి దిగింది. ఒళ్లు ఉడికిన ఎండ్రకాయలా ఎర్రబడింది. నడుం నొప్పి, పాలు నిండిన రొమ్ముల బరువు ఎక్కడివక్కడే ఉన్నాయి. చేతులు మాత్రం వాటంతటవే నీళ్ల మీద తేలాయి. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

వెళ్లేటప్పుడు అవ్వ బిడ్డను తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. “వాడికంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు. ఇదిగో పిల్లా, ఎవరైనా నమ్మకమైనవాళ్లు చేతులు చాపితే వాణ్ని ఇచ్చెయ్. ఇచ్చి, ముందు నీ వీపు రుద్దుకో. చూడ్డానికే జాలేస్తోంది.”

ఇప్పుడు ఒసాకాలో పక్కింటావిడ చేతులు చాపగానే చినత్సు రికును ఇచ్చేస్తుంది. తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూస్తుంది. అయినా వెళ్లి వీపు రుద్దుకుంటుంది.