కరెంటు పోలేదు

ఒక అబద్ధం కొన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. చిన్న అబద్ధమే. దించుకుందామంటే ఇంట్లో ఎవరి ముందూ నోరు రాలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

మా కోడలు తిరువూరులో మా ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. అయినా ఏ రోజూ "మీకు అర్థం కాదులెండి" అనలేదు. అప్పట్లో ఆమెను ఏడిపించిన ఒక ప్రోగ్రాం తప్పు గురించి కూడా చపాతీలు ఒత్తుతూ చెప్పింది. పెద్ద కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తాయట. వాటిని వర్చువల్ మెషిన్లంటారు. అందులో ఒకదాన్ని మూసేటప్పుడు, ఎప్పుడో ఒకసారి, పెద్దదానికి ప్రాణంలాంటి కెర్నెల్ కూలిపోతోంది.

"అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారనుకోండి అత్తయ్యా. ఆ గది పడగొట్టేశాం. సంగతి తెలియని పాలబ్బాయి మామూలుగా ఆ గదిలోకే అడుగేస్తే?"

"పడతాడు."

"వాడితోపాటు మన ఇల్లూ పడుతోంది."

ఆ పాలబ్బాయి ఎవరో ఆమెకు దొరికాడు. సరిచేసింది. ఇక పరీక్ష మిగిలింది. బల్ల కింద ఉన్న డబ్బాలో ఉత్తుత్తి కంప్యూటర్ తెరుచుకోవడం, మూసుకోవడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఆ రోజు మా అబ్బాయి ఆమెను నెమలి అనే ఊళ్లో గుడికి తీసుకెళ్లాడు. వెళ్తూ నాతో, "తెర మీద అక్షరాలు కదలకుండా ఆగిపోతే మళ్లీ కూలినట్టే, ముట్టుకోకండి, నాకు ఫోన్ చేయండి" అంది.

మధ్యాహ్నం అక్షరాలు ఆగిపోయాయి.

మర్నాడు విస్సన్నపేటలో మా చెల్లెలి గృహప్రవేశం. అంతకుముందు ఒక పెళ్లికి నేనొక్కదాన్నే వెళితే, "కోడల్ని కంప్యూటర్‌కి కట్టేసి వచ్చావా అక్కా" అని అందరిముందూ నవ్వింది. ఇది మళ్లీ కూలిందని తెలిస్తే ఈ పిల్ల కదలదు. నాకు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూపించుకోవాలని ఉంది. ఆమె అలసిపోయిందని, ఒక్క రోజైనా తెరిపిగా ఉంటుందని కూడా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, తర్వాత కల్పించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఫోన్ చేయలేదు. గోడ మీద స్విచ్ ఆపి, మళ్లీ వేశాను. తెర నల్లబడింది.

వాళ్లు తిరిగొచ్చాక, "ఏమైంది అత్తయ్యా?" అంది.

"కరెంటు పోయిందమ్మా."

"అంతవరకూ బానే నడిచిందా?"

"ఆ, నడిచింది."

మా ఊళ్లో ఆ మాట నమ్మనిదెవరు? ఆ డబ్బాకు ఇన్వర్టర్ లైను కూడా లేదు. తప్పు పోయిందని ఆఫీసుకు చెప్పేసి, మర్నాడు నా పక్కన పట్టుచీరలో కూర్చుంది. నేను మురిసిపోయాను.

తర్వాత వాళ్ల కంపెనీ నుంచి అది కొనుక్కున్నవాళ్ల దగ్గర కూలింది. పరీక్ష చేయకుండానే చేశానందని పైవాళ్లు అనుమానించారు. ఆమెకు రావలసిన పెద్ద పోస్టు ఇంకొకరికి వెళ్లింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆమె ఫోనులో అన్నది విన్నాను. "తప్పు నాదే సార్. కరెంటు పోయాక ఇంకోసారి నడపాల్సింది." పప్పు తిరగమోత మాడిపోయింది. అప్పుడైనా బయటికొచ్చి చెప్పొచ్చుగా? స్టవ్ ఆపి, అక్కడే నిలబడ్డాను.

పాలబ్బాయి ఒక్కడు కాదు, ఇద్దరట. రెండోవాణ్ణి పట్టుకోవడానికి ఆమెకు చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో నా మీద ఒక్క విసురు లేదు. నాకు జ్వరమొస్తే తలకు తడిగుడ్డ వేసి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంది. ఇప్పటికీ పరీక్ష పెట్టి బయటికి వెళ్తే ఫోనులో తోటివాళ్లతో, "మా అత్తయ్య చూస్తున్నారు, ఫర్వాలేదు" అంటుంది. నన్ను అంతగా నమ్మినవాళ్లు నా బతుకులో లేరు. ఇలాంటి పిల్ల మా ఇంటికి రావడానికి నేనేం చేశానని?

మన్నించమని అడిగితే, "పోనీలెండి అత్తయ్యా" అనేస్తుంది. తెలుసు. అంత సులువుగా మన్నించేస్తుందనే అడగలేకపోతున్నాను. స్విచ్ ఆపింది నేను. ఆమె నోట అబద్ధం పలికించింది నేను. ఇంతవరకూ ఈ రెండు మాటలూ ఎవరి దగ్గరా అనలేదు. ఇప్పుడు అన్నాను. ఊపిరి కాస్త లోపలికి దిగింది.