పెద్దాయన ఎడమ బుగ్గ

పోయిన వారం ఒక పెద్దమనిషి బుగ్గ దగ్గర నా పరువు ఎట్లా పోయిందో వినండి.

మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కడం నా పని. గోస్పాడు దగ్గర ఒక ఊర్లో బడికి స్థలమిచ్చిన పెద్దాయనకు ఊరోళ్లు రాతి విగ్రహం పెట్టాలనుకున్నారు. ఆ ఆర్డర్ నాకొచ్చింది. అది కుదిరితే చుట్టుపక్కల విగ్రహాలన్నీ నావే. ఇంత పెద్ద పనికి కంటికొలత చాలదని నాకే తెలివి పుట్టింది. నంద్యాలలో ఒక డెంటల్ క్లినిక్‌లో మొగాన్ని త్రీడీలో ఫోటో తీసే కెమెరా ఉంది. కుడిపక్కకూ ఎడమపక్కకూ తేడా ఎంతో మిల్లీమీటర్లతో సహా చూపిస్తుంది. పెద్దాయన్ను బండెక్కించుకుని పోయినా.

"పెదాలు మూసుకోండి, మాట్లాడొద్దు" అన్నాడు డాక్టరు. పెద్దాయన బుద్ధిగా మూసుకున్నాడు. స్క్రీన్ మీద మొగమంతా పచ్చగా వచ్చింది, ఎడమ బుగ్గ మాత్రం ఎర్రగా వచ్చింది. తేడా అంతా ఆడనే ఉందంట.

"వాపేమైనా ఉందా?" అని అడిగాడు డాక్టరు.

పెద్దాయన నోరు తెరవకుండా చెయ్యి ఊపినాడు. నేను ఊరుకోవచ్చు కదా.

"ఆయన మొగమే అంత సార్. మొగాలు చెక్కేవాణ్ని, నాకు తెలీదా" అన్నా.

ఆ కొలతలు తెచ్చుకుని, బుగ్గను ఉన్నదున్నట్టు చెక్కినా. చూడ్డానికి పెద్దాయనా, ఆయన భార్యా మా షెడ్డుకు వచ్చినారు. ఆమె విగ్రహం చుట్టూ తిరిగి మొగుడి వైపు చూసింది.

"ఏందీ, కెమెరా ముందర గూడా వక్కాకు ఊంచలేదా నువ్వు?"

"ఆ ఏసీ రూములో యాడ ఊంచేది?" అన్నాడాయన. నమిలిన వక్కాకు ఉమ్మకుండా ఎడమ దవడకు పెట్టుకునే కూర్చున్నాడంట.

"ఏం కాదులేమ్మా, రాయి తీసేదే కదా" అని ఉలి పట్టినా. కుడి బుగ్గ కొలతే ఎడమకు పెట్టి, సాయంత్రానికి వెంట్రుకంత తేడా లేకుండా చేసినా.

ఆమె మళ్లీ విగ్రహం చుట్టూ తిరిగింది. "ఎవురప్పా ఈయన?"

"మీ ఆయనేనమ్మా."

"వక్కాకు లేని మొగం పెండ్లయినప్పట్నుంచీ నేనే చూడలే. ఊరోళ్లేం గుర్తుపడతారు? ముందరున్నట్టే పెట్టు."

రాయి తీసేదే గానీ తిరిగి అతికించేది మా పనిలో లేదు. కొత్త రాయి తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టినా. మొదటి విగ్రహం షెడ్డు ముందరే నిలబడి ఉంది. బుగ్గలు రెండూ మరీ సమంగా ఉన్నాయి, ఎవరి మొగానికీ సరిపోవు. దారిన పోయేవాళ్లు ఎవరిదని అడిగితే మా ఆవిడ నన్ను చూపిస్తాంది.