అన్న ఉప్పు మానిన ఎండాకాలం

నిన్న జిమల్‌గట్ట సంత నుంచి తిరిగివచ్చి బండి మీద నుంచి దూకానో లేదో, కుడికాలి పిక్క పిడికిలిలా బిగుసుకుపోయి, సిరోంచ నడిబజారులో కొంగలాగా ఒంటికాలి మీద నిలబడిపోయాను. చుట్టూ మూగిన కుర్రకారులో ఒకడు పిక్క మీద గుద్దమన్నాడు, ఇంకొకడు చన్నీళ్లు పొయ్యమన్నాడు. టపా మోసిన కాళ్లకు వైద్యం చెప్పేవాళ్లు కూడా పుట్టుకొచ్చారా అని మన వయసు వాళ్లయితే నవ్వి ఉండేవారు. నేను నేల మీద చతికిలబడి, మోకాలు వంచకుండా కాలు చాపి, బొటనవేలు పట్టుకుని మెల్లగా నా వైపుకు లాక్కుంటూ కూర్చున్నాను. కాసేపటికి పిక్క వదిలింది. మనసును పట్టుకున్నది మాత్రం ఇవాళ్టికీ వదలలేదు.

గోదావరిలో పెద్ద పడవలు నడిపిస్తామంటూ దొరలు ఏటిలోని బండలు పగలగొట్టించిన రోజులవి. సిరోంచ నుంచి చామోర్షి వైపు వెళ్లే ఉత్తరాల టపా సంచిని మొదటి రెండు మజిలీలు మేమిద్దరం అన్నదమ్ములం మోసేవాళ్లం. సిరోంచ నుంచి అడవి మధ్యలోని చౌకీ దాకా అన్న పరుగు. అక్కడ సంచి నా భుజానికి మారితే జిమల్‌గట్ట దాకా నా పరుగు. చేతిలో గంటలు కట్టిన బల్లెం ఉండేది. మృగాలు తప్పుకోవడానికని పైవాళ్లు చెప్పేవారు కానీ, అన్న గంటల చప్పుడు వినబడితే నడుం బిగించి లేవడానికే అది నాకు ఎక్కువగా పనికివచ్చేది.

ఆ పరుగుకు కాళ్లు నిలవాలంటే మా అమ్మ పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉండేవి. బయలుదేరే ముందు ఉప్పు వేసిన గంజి కడుపు నిండా తాగాలి. దారిలో ఎంత దాహమైనా ఉత్త నీళ్లు గటగటా తాగకూడదు, నాలుక మీద ఉప్పురాయి వేసుకుని గుక్క గుక్కగా తాగాలి. చేరగానే కూలబడకుండా ఊపిరి కుదుటపడేదాకా చౌకీ చుట్టూ తిరగాలి. పొద్దుగూకాక ఇప్పనూనె గోరువెచ్చగా చేసి మడమ నుంచి మోకాలి వైపుకు రుద్దాలి. చెమట ఆరిన మా వీపుల మీద తెల్లటి చారలు చూపించి, ఒంట్లోంచి పోయిన ఉప్పు మళ్లీ ఒంట్లోకి రాకపోతే కండ పగబడుతుందని ఆమె అనేది. లంబాడీలు ఎద్దుల మీద ఎక్కడి నుంచో మోసుకొచ్చే ఉప్పు ఆ రోజుల్లో ఎంత పిరమో మీకు నేను చెప్పాలా! అయినా మా ఇంట్లో నెయ్యికి కరువొచ్చింది కానీ ఉప్పుకు రాలేదు.

నేను కథలు అల్లేవాడినన్న సంగతి ఊరికంతా తెలుసు. ఒకసారి అడవిలో పిక్క పట్టి పడిపోతే ఎలుగుబంటి వచ్చి నా కాలిని చెదలపుట్ట అనుకుని రెండు చేతులా పిసికిందనీ, దెబ్బకు నరం వదిలిందనీ చౌకీలో చెప్పాను. అందరూ నోళ్లు తెరిచారు. అన్న మాత్రం కాళ్లకు నూనె రాసుకుంటూ తల ఎత్తకుండానే, "దానికి కూలేమన్న ఇచ్చినవారా, ఉత్తగనే ఒత్తిపిచ్చుకున్నవా?" అన్నాడు. నా అబద్ధాన్ని అంత ముద్దుగా పట్టుకునేవాడు మరొకడు లేడు.

ఒక ఎండాకాలం అన్న కూతురికి అమ్మవారు పోసింది. లేకలేక పుట్టిన ఒక్కతే పిల్ల. బిడ్డ లేచి కూర్చునేదాకా ఉప్పు ముట్టనని అన్న పోశమ్మకు మొక్కుకున్నాడు. మా వైపు అలాంటి మొక్కులు కొత్త కాదు, కానీ మొక్కినవాళ్లు ఇంటి పట్టున ఉంటారు. టపా మోసేవాడికి ఆ వీలు లేదు. చప్పిడి గంజి తాగి నిప్పులు కురిసే ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. సంచి అందుకుంటూ నేను పోరు పెట్టేవాడిని.

"ఉప్పు లేకుంటే కాళ్లెట్ల నిలుస్తయ్ అన్నా? ఇంకేదన్న మొక్కరాదు?"

"మొక్కింది మార్వొస్తదారా? బిడ్డ లేవనియ్యి. ఇద్దరం కూసోని ఎండుచేపలు తిందాం, సరేనా?"

ఒకనాడు పొద్దు నడినెత్తికి వచ్చినా గంటలు వినబడలేదు. నేనే ఎదురు వెళ్లాను. దారి పక్కన మోదుగు పొదల నీడలో అన్న పడి ఉన్నాడు. పిక్కలు రెండూ రాళ్లు. తొడలు, కడుపు కూడా బిగుసుకుపోయి మనిషి విల్లులా వంగిపోతున్నాడు. సొరకాయ బుర్రలోని నీళ్లన్నీ తాగేశాడు, ఉత్త నీళ్లు. వేళ్లు పట్టి లాగాను, మడమలు నొక్కాను, నూనె రుద్దాను. ఒక కాలు వదిలితే ఇంకొకటి పట్టేది. నా మొలలోని ఉప్పు నా బుర్రలోని నీళ్లలో కలిపి నోటికందిస్తే, పెదవులకు తగలగానే మొహం తిప్పుకున్నాడు.

"ఉప్పేసినవ్ గద."

"ఒక్క గుక్క అన్నా, నీ కాల్మొక్త."

"నేను తాగితే అక్కడ బిడ్డ కండ్లు మూస్తదిరా."

అప్పుడు నాకు వచ్చిన విద్య ఒక్కటే. "బిడ్డ లేచి కూసుందట అన్నా! ఆకలైతుందని గటక అడిగిందట! గిప్పుడే ఓ బండాయన చెప్పిపోయిండు" అన్నాను.

అన్న నా మొహంలోకి చూశాడు. అంత నొప్పిలోనూ మీసం చాటున నవ్వాడు. "సిరోంచకెల్లి వచ్చింది నేను. నన్ను దాటి ఏ బండొచ్చిందిరా? ఎంత మంచిగ అబద్ధమాడుతవ్ తమ్మీ" అని పళ్లు బిగబట్టుకున్నాడు. ఆ పళ్లు విడదీయడం నా వల్ల కాలేదు. పొద్దు వాలకముందే నా ఒళ్లోనే పోయాడు.

కట్టెల బండి ఒకటి దొరికితే అన్నను ఎక్కించి సిరోంచకు తీసుకుపోయాను. పక్కన పెట్టిన బల్లెం గంటలు కుదుపుకల్లా మోగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు విని పెనిమిటి వస్తున్నాడనుకుని వదిన ఊరి మొదటికి ఉరికి వచ్చింది. బండి వెనుక నడుస్తున్న నన్నే ముందు చూసి, "తమ్మీ, మీ అన్నేడి? బిడ్డ లేచి కూసుంది! పొద్దుగాల ఆయన ఇట్ల బయలెల్లంగనే గటక అడిగింది!" అంది.

ఊరూరి కబుర్లూ భుజాన మోసినవాడికి తన ఇంటి కబురు అందలేదు. నా జన్మలో ఆడిన అబద్ధాలన్నిటిలో అదొక్కటే నిజమైంది. దాన్నీ అన్న నమ్మలేదు.

ఆ ఏటి పడవల పని ఏనాడో ఆగిపోయింది. దొరల బంగళాల్లో దీపాలు తగ్గాయి, మా మజిలీల మీద ఎవరెవరో కొత్తవాళ్లు పరుగెత్తుతున్నారు. ఉప్పు గంజి సంగతి వాళ్లకు ఎవరైనా చెబుతున్నారో లేదో. అన్న కూతురు చామోర్షిలో కాపురం చేసుకుంటోంది. మొహం మీద మచ్చలు కూడా చాలావరకు కలిసిపోయాయి. తండ్రి రూపు ఆమెకు గుర్తు లేదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని, "చిన్నబాపూ, మా బాపు ఎట్ల పోయిండే?" అని అడుగుతుంది. అది ఎవరి కోసం పెట్టిన మొక్కో ఆమెకు మేమెవరమూ చెప్పలేదు. ఎలుగుబంటి చేత కాళ్లు పట్టించుకున్నవాడిని, గడ్డిపోచ దొరికితే దాని మీద గంటసేపు కథ అల్లగలవాడిని, ఆ పిల్ల మొహం చూసి మాత్రం "ఎండ దెబ్బ తగిలింది బిడ్డా" అంటాను. దానికి ఇంకొక్క మాట అతికించడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.