పసుపు డబ్బాకు వారం రోజుల శిక్ష

మా ఇంట్లో పసుపు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసిన మహానుభావుణ్ని నేనే. బంగారం దాచుకునేవాళ్లను మీరు చూసి ఉంటారు. పసుపును ఖైదు చేసినవాణ్ని చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. ఈ ముచ్చట పూర్తయ్యేలోపు నా పరువు మొత్తం పోతుంది. నేను చెప్పకపోయినా మా అమ్మ ఎలాగూ చెప్పేస్తుంది కాబట్టి, నా నోటితోనే చెప్పుకోవడం మేలనిపించింది.

నాలుగేళ్ల కిందటి మాట. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు ఎల్బీనగర్‌లో. అమ్మది నల్లగొండ దగ్గర పల్లె. నా భార్య లావణ్య వాళ్లది తెనాలి. మా పాప సహస్రకు ఆరో నెలలో అన్నప్రాశన చేశాం. మర్నాడు పొద్దున్నే ఇంట్లో పంచాయితీ మొదలైంది: ఇక పాపకు ఏం పెట్టాలి?

"ఏం పెడ్తరు, ఉగ్గు పెడ్తరు," అంది అమ్మ. "బియ్యం, పెసరపప్పు ఏంచి, పిండి పట్టిచ్చి, జర నెయ్యేసి వండుతే పిల్ల గుమ్మడికాయ లెక్క అయితది."

"గా కాలం పోయిందే అమ్మా. కూరగాయలు, పండ్లు ఒక్కొక్కటే ఉడకబెట్టి మెత్తగ గుజ్జు చెయ్యాలె. ఒకటి పెట్టినంక మూడు రోజులు ఆగి చూడాలె. పడ్తే ఇంకోటి. గిది ప్రయోగం లెక్క."

"నా మనుమరాలు ప్రయోగమా నీకు?"

నిజం చెప్పొద్దూ, అవును. ఏదైనా సరే, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. చిన్నప్పుడు మా ఇంట్లో గోడ గడియారం ఎన్నిసార్లు విప్పానో అమ్మను అడగండి. ఎన్నిసార్లు మళ్లీ బిగించానో మాత్రం అడగొద్దు. అలాంటివాడికి అన్నం ఎరగని నోరొకటి దొరికింది. ఏ రుచికి ఏ మొహం పెడుతుంది? పులుపుకు కళ్లు ముందు మూస్తుందా, పెదాలా? రెండువందల పేజీల నోటుబుక్కు కొని గళ్లు గీశాను. ఏ రోజు, ఏ గుజ్జు, ఎన్ని చెంచాలు మింగింది, ఎన్ని ఉమ్మింది, మొహం ఎలా పెట్టింది.

"పాప తుమ్మినా రాస్తున్నారేంటండీ!" అంది లావణ్య.

"తుమ్ము వేరే గళ్లె రాస్తున్న," అన్నాను గర్వంగా.

ఫలితాలు వచ్చాయి. సొరకాయ: మూడు చెంచాలు పెడితే నాలుగు చెంచాలు బయటికొచ్చాయి. బీన్స్: నా ఇస్త్రీ చొక్కా మీద. పాలకూర గురించి అడగకండి. క్యారెట్ నోట్లో పెట్టగానే మాత్రం కళ్లు పెద్దవి చేసి, ఒక్క క్షణం ఆలోచించి, పక్షిపిల్లలా నోరు తెరిచింది. గుమ్మడికాయకు చప్పట్లు కొట్టింది. బొప్పాయి చూస్తే గిన్నెనే లాగేసుకుంది. పసిపిల్లలకు తీపి ఇష్టమని ఎవరైనా ఒక్క ముక్కలో చెబుతారు. నేను అదే సంగతి పదకొండు పేజీలు రాసి కనిపెట్టాను.

ఇక రైతుబజార్ నుంచి క్యారెట్లు కిలోల్లెక్కన తెచ్చి, ఉడికించి, మిక్సీ పట్టి, ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించేవాణ్ని. పాప తినేది నాలుగు చెంచాలు. మిగిలింది ఎవరు తినాలి?

"ఉప్పూ కారం లేనిదాన్ని మా వైపు తిండి అనరండీ," అంది లావణ్య.

"నాకు పండ్లున్నయ్ బిడ్డా, ఇంక ఊడలే," అంది అమ్మ.

కాబట్టి పూటపూటా ఆ మిగిలిన గిన్నెలన్నీ నేనే ఖాళీ చేశాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే కొంప ముంచింది.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున లావణ్య పిలిచింది. "ఏమండీ, ఇలా రండి. పాప ముక్కు చివర పచ్చగా లేదూ?"

బాల్కనీలో వెలుతురులోకి తెచ్చి చూశాం. ముక్కు, అరచేతులు, అరికాళ్లు, అన్నీ లేత పసుపు. సరిగ్గా అప్పుడే స్నానాల గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది: "నీళ్లు కాగినయ్, పిల్లను తీస్కరా!" ఆ మాటతో నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ బల్బు వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో!

"అమ్మా, పాపకు స్నానంల ఏం రుద్దుతున్నవ్?"

"శనగపిండి, పాలమీగడ, చిటికెడు పసుపు. ఏం?"

"గదే! గా పసుపే! పిల్ల ఒళ్లంత పట్టుకున్నది!"

"నిన్ను గట్లనే రుద్ది పెంచినర. నువ్వేమన్న పచ్చగైనవా?"

"కాలే," అన్నాను ఠక్కున. అంత ఠక్కున అనకుండా ఒక్కసారి కిందికి చూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ప్రయోగంలో అనుమానం ఉన్న వస్తువును తీసేసి చూడాలి కదా. పసుపు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం రోజులు పాపకు సబ్బు స్నానమే, అదీ నా చేత్తోనే. పాపకు బలం రావాలని క్యారెట్ ఒక పూట పెంచాను కూడా. ఇంట్లో పప్పు పాలిపోయి, చారు నల్లగా ఉండేవి. "పథ్యం తిండిలా ఉందండీ," అని లావణ్య గొణిగింది. అమ్మ మాత్రం స్నానం వేళకు బాల్కనీలో చిన్న పీట వేసుకుని, వచ్చేపోయే మెట్రో రైళ్లను చూస్తూ కూర్చునేది. పాపను ఎత్తుకోమంటే, "నా చేతులు మంచియి కావట గద," అంది. ఆ మాట నాకు గట్టిగానే గుచ్చుకుంది. అయినా వారం నిండనీ అనుకున్నాను. నన్ను తిట్టుకోవాలంటే తిట్టుకోండి, ఇదే సమయం.

ఆ వారమే క్లాసులో ముందు బెంచీ పిల్ల లేచింది. "సార్, మీ చెయ్యి పచ్చగున్నది."

"పసుపు చాక్‌పీసమ్మా," అన్నాను రుమాలుతో తుడుచుకుంటూ.

"మీ చేతుల ఉన్నది తెల్ల చాక్‌పీసే గద సార్."

"లెక్క చూడు, నా చెయ్యి కాదు," అని కసిరి బోర్డు వైపు తిరిగాను.

ఏడో రోజు చూస్తే పాప ఇంకా పచ్చబడింది. ఇక నా సైన్సంతా ఆవిరైపోయింది. కామెర్లే అనుకున్నాను. నలుగురం ఆటోలో దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. దారిలో నా మొహం చూసి, వారం తర్వాత మొదటిసారి అమ్మ పాపను తన ఒళ్లోకి తీసుకుంది. "ఏం గాదు, పరేషాన్ గాకు," అంది. తప్పు చేసినవాణ్ని ఓదార్చడం ఆమెకు మాత్రమే చేతనవును.

డాక్టరమ్మ పాప కనురెప్పలు లాగి చూసింది. "కళ్లు తెల్లగా ఉన్నాయి. కామెర్లు కావు. ఏం పెడుతున్నారు?"

నోటుబుక్కు అందించాను. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. "క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, క్యారెట్, క్యారెట్, గుమ్మడి... సార్, మీకు బజార్లో ఇంకో రంగే దొరకలేదా? ఈ రంగు ఎక్కువ తింటే ఒంటికి దిగుతుంది. భయం లేదు. ఇవి తగ్గించి ఉగ్గూ, పప్పూ, అన్నీ పెట్టండి, మెల్లగా అదే పోతుంది."

"మరి పసుపు వల్ల..."

"రుద్దిన పసుపు కడిగితే పోదా? ఏదీ, మీ చేతులు చాపండి."

చాపాను. పాప అరచేయి పక్కన నా అరచేయి. చూస్తే నాదే ఎక్కువ పచ్చగా ఉంది.

"మిగిలిన గుజ్జు ఎవరు తింటున్నారు?" అంది డాక్టరమ్మ. లావణ్య నావైపు వేలు చూపించింది.

అప్పుడు అమ్మ ముందుకు వంగి, నా చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముప్పై ఏండ్ల కింద రుద్దిన పసుపు," అంది నెమ్మదిగా, "గిప్పుడు పైకి తేలిందార కొడుకా?"

డాక్టరమ్మ, లావణ్య, తలుపు దగ్గర తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ పగలబడి నవ్వారు. నన్ను చూసి పాప కూడా నవ్వింది. ఆ మొహం ఏ గళ్లోనూ రాయలేదు.

ఇంటికి రాగానే తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి, కాళ్లకు దండం పెట్టి, తప్పయిందని చెప్పాను. "చేతులు కడుక్కొని ముట్టుకో, నీ పసుపు అంటుకుంటది," అంది అమ్మ. ఆ ఆదివారం పాపకు మళ్లీ మీగడ, పసుపుతో స్నానం, పైన గిన్నెడు ఉగ్గు.

కాబట్టి పాఠకుల ఎదుట, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి మీద నేరం మోపాలన్నా ముందు నా అరచేతులు వెలుతురులో పెట్టి చూసుకుంటాను. సాక్షి మా అమ్మ. బీరువా తాళంచెవి కూడా ఇప్పటికీ ఆమె కొంగుకే ఉంది.