మూడో పాటలో గజ్జెలు

పాట విని "బాగుంది" అని ఊరుకునే మనిషి కాదు ఆదిబాబు. ఏది బాగుంది, ఎక్కడ తేలిపోయింది, అది తనకెందుకు నచ్చలేదు, ఇవన్నీ చెప్పందే ఆయనకు అన్నం సయించదు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరు పాటల ఆల్బమ్ చేసినా అగ్రికో పేటలోని తెలుగు సంఘం హాల్లో ఒక ఆదివారం సభ పెడతారు. పాడినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ల ఎదురుగానే ఆదిబాబు తన సమీక్ష చదువుతాడు. ఆ తర్వాతే టీ. ఆ కాసేపు పాడినవాళ్ల ముఖాలు చూడ్డానికే కొంతమంది వస్తారంటే అబద్ధం కాదు.

సమీక్షలు రాస్తామని వచ్చే కుర్రాళ్లకు ఆయన చెప్పేది ఒకటే. నచ్చకపోవడం వేరు, బాగోకపోవడం వేరు. రెండూ రాయండి, కానీ ఒకదాన్ని రెండోదిగా రాయకండి. పాట వింటే మీ అమ్మ గుర్తొచ్చిందనుకోండి, రాయండి, తప్పులేదు. కానీ అమ్మ గుర్తొచ్చింది కాబట్టి గొంతులో అపశ్రుతి లేదని మాత్రం రాయకండి. ఇదంతా ఆయన మాంగో అనే పేటలో తన ఇంటి మెట్ల మీద కూర్చుని, గట్టిగా, వీధికంతటికీ వినబడేలా చెప్పేవాడు. ఈ మధ్య మరీ గట్టిగా ఎందుకు చెబుతున్నాడా అని ఎవరూ ఆలోచించలేదు. ఉషారు ఎక్కువైందనుకున్నారు.

ఆయన ఉద్యోగం ఊరి పక్కనున్న గమ్హరియాలో, ఒక ఫోర్జింగ్ ఫ్యాక్టరీలో, హ్యామర్ దగ్గర. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ మీద పెద్ద సుత్తి పొద్దస్తమానం పడుతూనే ఉంటుంది. దెబ్బ సరిగ్గా కూర్చుందా లేదా అన్నది అక్కడి పాతకాపులు చప్పుడు విని చెప్పేస్తారు. అందుకే చెవుల్లో పెట్టుకోమని ఇచ్చే రెండు ప్లగ్గుల్లో ఒకటే వాడతారు. కుడి చెవికి ప్లగ్గు, హ్యామర్ వైపున్న ఎడమ చెవి ఖాళీ. సేఫ్టీ ఆఫీసరు కనబడితే రెండూ పెడతారు, ఆయన వెనక్కి తిరగ్గానే ఒకటి తీసేస్తారు. ఇందులో తప్పేదో ఉందని ఆదిబాబుకు ఏనాడూ తోచలేదు. రెండు చెవులూ మూసుకుని పని చేసేవాడు పనివాడే కాదని ఆయన నమ్మకం.

ఈసారి ఆల్బమ్ బిందుప్రియది. వెనక వీధి పిల్ల, చిన్న స్కూల్లో టీచరు. తన మామ్మ పైడమ్మ నోట విన్న ఆరు పాటలు పాడి రికార్డు చేయించుకుంది. ఆదిబాబు తన అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. గొంతు మెచ్చుకున్నాడు. మూడో పాట దగ్గర మాత్రం చురక పెట్టాడు: "చరణానికీ చరణానికీ మధ్య వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. అక్కడ ఏమీ లేదు. ఏం పెట్టాలో తోచక వదిలేసినట్టుంది. దీన్ని సోమరితనం అంటారు."

ఆయన కాగితం మీద రాస్తే ఫోనులో టైపు చేసేది కూతురు అర్పిత. కాలేజీ పిల్ల. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. ఆ శనివారం పొద్దున్న ఆ వాక్యం దగ్గరికొచ్చి వేలు ఆపింది.

"పాపా, ఖాలీ కహాఁ హై? ఘుంగ్రూ బజ్ రహా హై నా."

"ఖాళీ కాదా? గజ్జెలు మోగతన్నాయా? ఎక్కడ?"

అర్పిత పాట పెట్టి ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో దూర్చింది. వాయిద్యాలు ఆగగానే వేలెత్తి గాల్లో తాళం వేయడం మొదలుపెట్టింది. ఆదిబాబు ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. చెవుల్లో ఏమీ లేదు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ ఏమీ లేదు. ఎడమది తీసేసి, కుడిదాన్ని వేలితో లోపలికి నొక్కి పట్టుకుని విన్నాడు. ఏదో ఉందేమో అనిపించింది. ఉందని తెలిశాక అనిపించేది లెక్కలోకి రాదని ఆయనకు తెలుసు.

ఇయర్‌ఫోన్ తీసేసి తలెత్తాడు. వంటగదిలో భార్య హేమ చపాతీలు ఒత్తుతోంది. చేతినిండా గాజు గాజులు. ఆ చెయ్యి ముందుకూ వెనక్కూ పోతోంది, గాజులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చప్పుడు లేదు. చివరిసారి ఆ గాజులు ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. ఒక్కసారిగా పోయి ఉంటే తెలిసేది. చెప్పాపెట్టకుండా ఒక్కొక్క సన్నటి చప్పుడే జారుకుంది. ఇంకా ఏమేం పోయాయో తెలుసుకునే దారి కూడా లేదు. ఇన్నాళ్లూ ఎంతమంది పాటల్లో లేని లోపాలు చూపించాడో! రేపు హేమ గొంతు పోతే? అర్పిత గొంతు పోతే?

"అమ్మకి సెప్పకు," అన్నాడు కూతురితో.

"డాక్టర్ కే పాస్ చలో," అంది అర్పిత. వాళ్లమ్మకు చెప్పకుండా ఎలా అన్నట్టు చూసింది. ఆదిబాబు తల అడ్డంగా ఊపాడు. డాక్టరు అవునంటే ఇక కాదనడానికి ఏమీ మిగలదు కదా. చివరికి ఆ పిల్లే ఒక ఉపాయం చెప్పింది. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, గజ్జెలు బాగున్నాయని రాసేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. వినకుండా మెచ్చుకునేవాళ్లను ఇన్నేళ్లు సభలో ఏకిపారేసిన మనిషి, సరేనన్నాడు.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరసలో బిందుప్రియ, పక్కన ముగ్గుబుట్ట తలతో పైడమ్మ. ఆదిబాబు కాగితం విప్పాడు. "మూడో పాటలో వాయిద్యాలు ఆగి గజ్జెలు మాత్రమే మోగే చోటు, ఈ ఆల్బమ్‌కు ప్రాణం," అని చదివాడు. చప్పట్లు కొట్టారు. తన చెవిని నమ్మక, చేతులు కదలడం చూసి, కొడుతున్నారని రూఢి చేసుకున్నాడు.

టీ గ్లాసులు తిరుగుతుండగా పైడమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికొచ్చింది.

"అది నేనే ఆడించినాను బాబూ. ఈ సేత్తోనే," అంది. "సిన్నప్పుడు కట్టుకున్న గజ్జెలు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. ఆళ్లు నేనేటి సేసినా బాగుందంటారు. నువ్వయితే మొగమాటం లేకుండా సెప్తావని రాత్రంతా బయపడ్డాను. ఉండు, నీకోసం మళ్లీ ఆడిత్తాను."

సంచిలోంచి గుడ్డ మూట తీసింది. హాల్లో అందరూ ఇటే తిరిగారు. ఆదిబాబుకు పారిపోవాలనిపించింది. ఏ పాటయినా వినేటప్పుడు చేసే పనే చేశాడు, కళ్లు మూసుకున్నాడు. కాస్త ఆగి, మొదలుపెట్టే ఉంటుందని లెక్కేసుకుని, మెల్లగా తల ఊపసాగాడు. "ఆహా," అన్నాడు. "ఎంత సన్నంగా పలుకుతన్నాయమ్మా!"

కళ్లు తెరిచాడు.

పైడమ్మ వేళ్లు ఇంకా మూట ముడితోనే కుస్తీ పడుతున్నాయి. గజ్జెలు బయటికే రాలేదు. బిందుప్రియ నోరు తెరుచుకుని చూస్తోంది. కాస్త దూరంలో హేమ, చేతిలో టీ గ్లాసుతో, కొయ్యబారి నిలబడింది. అర్పిత తల దించుకుంది.

"అమ్మా," అన్నాడు ఆదిబాబు. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో తనకే తెలియలేదు. "నాకినబడవు. పాటలోనూ ఇనబళ్లేదు. హ్యామర్ కాడ సెవి పోయినాది. రెండోదీ పోతందేమో. నాకు శానా బయమేత్తందమ్మా."

హేమ గ్లాసు పక్కనపెట్టి గబగబా వచ్చి ఆయన భుజం పట్టుకుంది. పైడమ్మ ముడి విప్పడం ఆపేసింది. ఆమెకు కోపం రాలేదు. రాత్రంతా పడ్డ ఆ భయమే మళ్లీ ముఖంలోకి వచ్చింది. వినబడాలని ఆయన కుడి చెవి దగ్గరకు వంగి, నెమ్మదిగా అడిగింది.

"అయితే, అది బాగుందో లేదో నాకింకెవుడు సెప్తాడు బాబూ?"

ఆ మాట ఆయనకు పూర్తిగా వినబడింది.